వినెడి చెవి, ఎన్నుకొనెడి చేయి



సయ్యద్ అబ్దుల్ రహీం గారి స్మృతికి అంకితమైన సభ ఇది. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, హైదరాబాదు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుచు, 1950 మొదలుకొని 1963 జూన్‌లో కన్నుమూయు పర్యంతము నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, దానికి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును చేకూర్చిన ఆ ఉపాధ్యాయుని దేశమంతయు గొప్ప శిక్షకుడుగా ఎరుగును. హైదరాబాదువారికి మాత్రము ఆయన రహీం సాహెబు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందెను.

ఈ విజయములు మీరెరిగినవే. నాకు వానికంటె ప్రియమైన వృత్తాంతము మరియొకటి కలదు. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం అను పేద కుర్రవాడు, ప్రాక్టీసునకు హైదరాబాదు వచ్చుటకు దారిఖర్చు లేదని చెప్పినప్పుడు, రహీం సాహెబు సైకిలు అద్దెకు పైకమిచ్చెనట. బలరామే పెద్దవాడైన తరువాత ఈ సంగతిని కృతజ్ఞతతో చెప్పుకొనెను. ప్రాక్టీసునకు రానివానిని సోమరి యనుట సులభము. ఎందుకు రాలేకున్నాడని అడుగుటకు ఉపాధ్యాయుడు కావలెను.

ఇక జకార్తా. ఫైనలునాడు స్టేడియములోని జనసమూహము భారతీయులపై ఆగ్రహముతో ఊగిపోవుచుండెను. లీగు దశలో మనలనోడించిన దక్షిణ కొరియాయే ఎదుట నిలిచెను. జర్నైల్ సింగు తలకు కుట్లు పడియుండెను. గోలుకీపరు తంగరాజ్ జ్వరమునుండి అప్పుడే తేరుకొనెను. రక్షణపంక్తిలో ఆడవలసిన ఆ జర్నైల్‌ను రహీం సాహెబు సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపగా, ఆ గాయపడిన తలవాడే ఒక గోలు కొట్టెను. మనము 2–1తో గెలిచితిమి. మరి తొమ్మిది నెలలకు రహీం సాహెబు క్యాన్సరుతో మరణించెను.

అట్టి గురువు దొరికిన జట్టు ధన్యము. అయితే అట్టి గురువు దొరకని వేలాది కళాశాలల సంగతి ఏమి? సంస్థలను అదృష్టముపై నిర్మింపరాదు గదా. కావున ఈ సాయంకాలము నేను చెప్పదలచినది ఒక్కటే మాట: కళాశాల క్రీడాకారుని మాట వినెడి చెవియు, అతనిని జట్టునకు ఎన్నుకొనెడి చేయియు ఒకే మనిషివి కారాదు. ఈ మాటకు నేను పుస్తకముల ద్వారా రాలేదు. ఒక తప్పు ద్వారా వచ్చితిని. ఆ తప్పును కూడ మీ ఎదుట నివేదింతును.

1

మానసిక నైపుణ్య శిక్షణ యనగానే చాలమందికి మ్యాచికి ముందు చేయు ఉద్రేకప్రసంగము తోచును. అది కాదు. నైపుణ్యమనగా అభ్యాసముచే అలవడునది. అలవడిన పిదప ఒత్తిడిలో కూడ చెడనిది. దీనిని నేను కబడ్డీలో చూపెదను. ఏలయన నాకు తెలిసిన కుర్రవాండ్రలో ఎక్కువమంది ఆ ఆటవారే.

మన పెద్దలు చెడుగుడనిన ఆ ఆటలో, ప్రతిపక్షపు గడిలోనికి పోవువాడు ఒక్క ఊపిరిమీద పలుకుదానిని కూత యందుము. నేడు రెయిడునకు ముప్పది సెకండ్ల గడువు. రెండు రెయిడ్లు వట్టివై మూడవది డూ ఆర్ డై అయినప్పుడు, ఆ కుర్రవాడు పాయింటు తేనిచో తానే అవుటగును. ఆ సంగతి అతనికిని, ఎదుటి ఏడుగురికిని, చుట్టునున్న జనమునకును తెలియును. అప్పుడు భయము దేహమున చేయు మొదటి పని చూపును ఇరుకు చేయుట. ఎదుట చేతులు చాచిన కార్నరు ఒక్కడే కనబడును. ప్రక్కనుండి జరుగుచున్న కవరు కనబడడు. అతడు పట్టుబడునది ఆ కనబడనివాని చేతిలోనే.

ఇందుకు మేము చేయించు అభ్యాసము చూచుటకు చాల చిన్నది. మధ్యగీతకడ వంగి మట్టిని తాకుట. తాకుచున్నంతసేపు ఊపిరిని నిదానముగా పూర్తిగా విడుచుట. లేచునప్పుడు తనలో ఒక్క మాట అనుకొనుట. ఆ మాటను ఆటగాడే ఎంచుకొనవలెను. ఒక విద్యార్థి "పాదాలు" అను మాటను ఎంచుకొనెను. ముఖములను చూచుటచే తాను బెదరుచున్నాడనియు, పాదములను చూచినచో ఎవడు ఎటు కదలనున్నాడో ముందే తెలియుచున్నదనియు అతడే కనుగొనెను. రాత్రి పడుకొనుటకు ముందు ఒక రెయిడును, మొదటినుండి తుదివరకు, నిజముగా పట్టునంత కాలమే తీసికొని, పిక్కలలో బిగువుతోను మడమక్రింద మట్టితోను సహా మనస్సులో ఆడుకొనవలెను. తొందరగా ఊహించువాడు తొందరగానే ఆడును. ఇదంతయు ఒక నోటుపుస్తకమున వ్రాయించెడివాడను.

బాస్కెట్‌బాల్ ఆడువారికి ఫ్రీత్రో గీతకడ బంతి చేతికందిన పిదప ఐదు సెకండ్లుండును. ఆ ఐదింటిని ఎన్ని కొట్టుళ్ళు, ఎన్ని ఊపిరులు అని ముందే పంచుకొన్నవాని చేయి తక్కువ వణకును. విలుకాండ్రది ఇదే మార్గము. ఏ ఆటయైనను, ఇది నెలల పని. టోర్నమెంటునకు రెండు దినముల ముందు నన్ను పిలిచి "పిల్లలకు కొంచెము మోటివేషను ఇవ్వండి" అని అడిగినవారికి నేను యుద్ధకాలమున శస్త్రాభ్యాసము చెల్లదని చెప్పవలసివచ్చెడిది.

2

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యముగానున్న మనస్సును పదును పెట్టుట. కాని ఏకాగ్రత కుదురుట లేదని వచ్చిన విద్యార్థికి నిజముగా కుదరనిది నిద్ర కావచ్చును, అన్నము కావచ్చును, ఇంటిలో తండ్రి చేసిన అప్పు కావచ్చును. అప్పుడు కావలసినది కౌన్సెలింగు.

ఈ మాటకడ ఒక్క క్షణము ఆగుదము. మన రెండు తెలుగు రాష్ట్రములలోను కౌన్సెలింగు అనిన వెంటనే తల్లిదండ్రులకు ప్రవేశపరీక్ష ర్యాంకు కార్డును, సీట్ల కేటాయింపును జ్ఞప్తికి వచ్చును. రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి పోలీసులు చేయు హెచ్చరికకు కూడ పత్రికలు ఈ పేరే వాడుచున్నవి. అనగా మన వాడుకలో ఈ మాటకు పంచిపెట్టుటయు మందలించుటయు అర్థములైనవి గాని, వినుట యను అర్థము ఇంకను నిలువలేదు. ఒక కుర్రవానితో "కౌన్సెలింగునకు పొమ్ము" అన్నచో తాను తప్పు చేసితినని అతడు తలవంచుకొని వచ్చుటకు కారణమిదే.

ఇప్పుడు నా తప్పు. నేను మనశ్శాస్త్రమున యువ అధ్యాపకుడనై యున్న దినములలో, ఆ కళాశాల కబడ్డీ జట్టునకు మానసిక శిక్షణ ఇచ్చుపని స్వచ్ఛందముగా పైన వేసికొంటిని. కళాశాల పేరు ఇట అప్రస్తుతము. "పాదాలు" అను మాటను ఎంచుకొన్న విద్యార్థి ఆ జట్టువాడే. అంతకు ముందేడు అతని మోకాలు మెలిపడెను. ఆర్థోపెడిక్ డాక్టరు ఆడవచ్చునని చెప్పియుండెను, అతడును ఆడుచుండెను. అయితే ఒకనాటి సాయంకాలము, గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు, అతడు నోటుపుస్తకము మూసి ఇట్లనెను: "సార్, బోనస్ గీత మీదికి కాలు చాపేటప్పుడు కాలు నా మాట వినటం లేదు. రాత్రిళ్ళు ఆ టక్కుమన్న చప్పుడే వినపడుతుంది. మూడు గంటలకి లేచి కూర్చుంటున్నాను."

నేను ఓపికతో వింటిని. చేయదగిన అభ్యాసమేదో చెప్పితిని. మరునాడు మైదానములో ఫిజికల్ డైరెక్టరు, అనగా పీ.డీ.గారు, కనబడగా, అతనికి మేలు చేయవలెనను తలంపుతోనే, "వానిని ఈ వారము కొంచెము తేలికగా చూడండి, మోకాలి భయము ఇంకను పోలేదు" అంటిని. అంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మూడవనాడు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల జాబితా నోటీసుబోర్డుపై పెట్టిరి. పండ్రెండు పేర్లలో అతని పేరు లేదు.

అతడు వచ్చి తలుపుకడ నిలిచెను; లోనికి రాలేదు. నోటుపుస్తకమును చాచి, "సార్, మీకు చెప్పిన మాట గ్రౌండుకు ఎట్లా వెళ్ళింది?" అని అడిగెను. అతని గొంతులో కోపము లేదు; అది నాకు మరింత కష్టమాయెను. నేనేమి చెప్పితినో నాకు జ్ఞాపకము లేదు. ఆ తరువాత రెండేండ్లపాటు ఆ జట్టునుండి ఒక్కడును నా గదికి రాలేదు. ఒక జట్టులో అట్టి వార్త పాకుటకు ఒక్క రాత్రి, ఒక్క హాస్టలు వరండా చాలును.

పీ.డీ.గారిని నేను నిందింపను. ఆయనకు పండ్రెండు స్థానములు, ముప్పదిమంది పిల్లలు. తెలిసినదానిని తెలియనట్లు భావించి ఎంపిక చేయుము అనుట మనుష్యునకు సాధ్యము కాని పనిని అడుగుట. తప్పు ఆయనకు తెలియజేసినవానిది.

3

ఇట్టి తప్పు నాతోనే మొదలు కాలేదు. కళాశాల క్రీడాకారుని మనస్సును శాస్త్రదృష్టితో పరిశీలించుట అమెరికాలో బలపడిన విద్య. 1925లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున కోల్మన్ గ్రిఫిత్ అను ఆచార్యుడు క్రీడాపరిశోధనకు ప్రత్యేక ప్రయోగశాలను నెలకొల్పెను. అంతకు ముందేడు మిషిగన్‌తో జరిగిన ఆటలో పండ్రెండు నిమిషములలో నాలుగు టచ్‌డౌనులు చేసి దేశమునే విస్మయపరచిన రెడ్ గ్రేంజ్‌ను ఆయన ప్రశ్నించగా, ఆ విద్యార్థికి ఆటలోని వివరములేవియు జ్ఞప్తికి రాలేదట. పరిపూర్ణముగా అలవడిన నైపుణ్యము స్మృతిని కూడ అడుగదని గ్రిఫిత్ గ్రహించెను. 1926లో శిక్షణను గూర్చియు, 1928లో క్రీడలను గూర్చియు గ్రంథములు వెలువరించెను. 1932లో ఆ ప్రయోగశాల మూతపడెను.

నాకు ముఖ్యమనిపించునది ఆ తరువాతి కథ. 1938లో షికాగో కబ్స్ అను బేస్‌బాల్ జట్టు యజమాని ఆయనను నియమించెను. గ్రిఫిత్ ఆటగాండ్రను పరిశీలించి, కొలిచి, నివేదికలు వ్రాసెను. మేనేజరు ఆయనను నమ్మలేదు, ఆటగాండ్రు సహకరింపలేదు. చరిత్రకారులు దీనిని కొత్త శాస్త్రమునకును పాత అలవాట్లకును జరిగిన సంఘర్షణగా వర్ణింతురు. అది నిజమే గాని, నేను ఆ కథను చదివినప్పుడెల్ల నా దృష్టి ఒక చిన్న సంగతిపై నిలుచును: ఆ నివేదికలు యజమాని బల్లపైకి పోవుచుండెను. ఆటగాడు అది ఎరుగును. ఉద్యోగమిచ్చువానికి చేరు కాగితముపై తన భయమును ఎవడు వ్రాయించుకొనును?

మరి మూడు దశాబ్దములకు, సాన్ హోసే రాష్ట్ర కళాశాలలో బ్రూస్ ఒగిల్వీ, థామస్ టట్కో అనువారు 1966లో సమస్యాత్మక క్రీడాకారులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, క్రీడాకారుని స్వభావమును కొలుచు ప్రశ్నావళిని కూడ రూపొందించిరి. అది శిక్షకుల చేతులలోనికి పోయి ఎంపికకు సాధనమయ్యెను. ఆటలో ఎవడు రాణించునో అది నిజముగా చెప్పగలదా యని తోటి శాస్త్రజ్ఞులు తీవ్రముగా ప్రశ్నించిరి. నా సందేహము అంతకంటె సామాన్యమైనది. శిక్షకుడు చదువునని తెలిసిన ప్రశ్నకు పందొమ్మిదేండ్లవాడు శిక్షకుడు కోరిన జవాబే వ్రాయును.

అమెరికా కళాశాల క్రీడలు నేడు ఐదు లక్షలకు మించిన విద్యార్థి క్రీడాకారులుగల మహావ్యవస్థ. దాని జాతీయ సంఘము 2016లో మానసికారోగ్యమునకు సంబంధించి ఉత్తమ పద్ధతులను ప్రకటించి, 2024లో వానిని సవరించెను. గాయపడిన విద్యార్థి మరల ఎప్పుడు ఆడవలెనను నిర్ణయమున వైద్యునిదే తుదిమాట యనియు, ఆ వైద్యుని నియమించుటలోను తొలగించుటలోను శిక్షకునికి పెత్తనముండరాదనియు ఆ సంఘమే నియమము చేసికొనెను. ధనబలముచే శిక్షకుడు విశ్వవిద్యాలయాధ్యక్షునికంటె ఎక్కువ జీతము పొందు ఆ దేశములో ఈ నియమము అవసరమైనదన్నచో, పీ.డీ. మాటయే హాజరును, హాస్టలు సీటును, స్పోర్ట్స్ కోటా సర్టిఫికేటును నిర్ణయించు మన కళాశాలలలో అది ఎంత అవసరమో మీరే యోచింపుడు.

4

ఇట మిత్రులొకరు నన్ను అడుగుదురు: మన గురుశిష్య సంప్రదాయములో ఇట్టి విభజన ఎక్కడిది? గురువే తల్లి, గురువే వైద్యుడు, గురువే పరీక్షకుడు కాదా? రహీం సాహెబు స్వయముగా ఎన్నుకొనలేదా?

ఆ ప్రశ్నలో బలమున్నది. దానికి నేను విరాటపర్వముతో సమాధానము చెప్పెదను. ఉత్తర కుమార ప్రగల్భములని మనము నేటికిని హాస్యమునకు వాడుకొను ఆ రాకుమారుని ఒక్కసారి ఎగతాళి లేక చూడుడు. అతడు పిన్నవాడు, అంతఃపురములో గొప్పలు చెప్పినవాడు, కౌరవసేనను కన్నులార చూచి రథము దిగి పరుగెత్తినవాడు. మొదటి పెద్ద పోటీనాడు మన విద్యార్థికి కలుగునది అదియే. బృహన్నల వేషములోనున్న అర్జునుడు వెంటపడి అతనిని పట్టుకొనెను గాని, పిరికివాడని తిట్టి ఇంటికి పంపలేదు. నీవు యుద్ధము చేయలేకున్నచో పగ్గములు పట్టుమని, అతడు చేయగల పనిని అతని చేతికిచ్చెను. జమ్మిచెట్టెక్కించి ఆయుధములు దింపించెను. కుట్లుపడిన తలతో జర్నైల్‌ను మరియొక స్థానమున నిలుపుటలో నాకు ఈ దృశ్యమే కనబడును.

కాని కథ అంతటితో ముగియలేదు. ఇదంతయు ఊరి వెలుపల, ఇద్దరి నడుమ జరిగినది. యుద్ధము గెలిచి వచ్చునప్పుడు గెలుపు నీదేయని చెప్పుమని అర్జునుడు ఉత్తరునికి చెప్పెను; అతడు పారిపోయిన సంగతిని కొలువులో తాను ఎత్తలేదు. తాను భయపడితినని, ఒక దేవకుమారుడు తన్ను నిలిపి యుద్ధము గెలిచెనని విరాటునకు విన్నవించినవాడు ఉత్తరుడే. భయపడినవానికే ఆ భయమును వెల్లడించు హక్కు. బృహన్నల విరాటుని సైన్యమునకు యోధులను ఎంపిక చేయు అధికారి కాడు. నాట్యము నేర్పుటకు వచ్చినవాడు. ఉత్తరుడు అతని ఎదుట ఏడ్వగలిగెననిన ఇదియు ఒక కారణమని నేను నమ్ముచున్నాను.

రహీం సాహెబు ఎన్నుకొనెడివాడును, వినెడివాడును తానేయై నెగ్గెను. అది ఆయన మహత్త్వము. ఆయన స్థానమున నన్ను నిలిపినచో ఏమి జరుగునో నేను చూచితిని. మధ్యముల చేతిలో కూడ చెడని పద్ధతి కావలెను.

5

ఇక ఆచరణ. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్టణములో కోచింగు తీసికొనుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరును ఒక్కరినైన నియమింపవలెనని మార్గదర్శకము లిచ్చెను. కనుక నియమింపవలెనా వద్దా యనునది ఇక చర్చకాదు. ఎట్లు నియమింపవలెననునది చర్చ.

నేను చూచిన కొన్ని కౌన్సెలింగు గదులు స్టాఫురూములో భుజముల ఎత్తు ప్లైవుడ్డుతో అడ్డము కట్టినవి. అవతలివారి టీకప్పుల చప్పుడు ఇవతలికి వినబడును. ఒకచోట గుమ్మమున ఒక రిజిస్టరుండెను: పేరు, క్లాసు, వచ్చిన వేళ, సమస్య. ఆ నాలుగవ గడిలో పదిమందిలో ఎనమండుగురు "తలనొప్పి" అని వ్రాసియుండిరి. ఆ గడిని కొట్టివేయుట ఖర్చులేని సంస్కారము. కౌన్సెలరు పది గంటలకు వచ్చి నాలుగింటికి పోవును. క్రీడాకారుడు ఉదయము ఎనిమిదివరకు, సాయంకాలము నాలుగు మొదలు ఆరున్నరవరకు మైదానములో నుండును. నడుమ క్లాసు వదలినచో హాజరు పోవును. వారమునకు రెండు సాయంకాలములైనను ఆరున్నర తరువాత ఆ గది తెరచియుండవలెను. అదియు జిమ్ము ప్రక్కన, పీ.డీ. కిటికీ ఎదుట కాక.

గాయపడిన ప్రతివానిని, అతడు అడిగినను అడుగకున్నను, మొదటి వారములోనే కౌన్సెలరు ఒకసారి కలిసికొనవలెను. గాయము మోకాలికే తగిలినను, ఆనాటినుండి అతనికి తోటివారి సాయంకాలములు, గేలి, కలిసి త్రాగు టీ కూడ పోవును; అతడు ఒంటరియగును. అందరిని కలిసికొనుట ఆనవాయితీ యైనచో ఏ ఒక్కరిపైనను ముద్ర పడదు. అట్లే డిగ్రీ ఆఖరి ఏడు: పదేండ్లు ఆటగాడనని చెప్పుకొన్నవాడు జూన్ నెలలో ఏమని చెప్పుకొనవలెనో అతనితో జనవరిలోనే మాటాడవలెను.

గోప్యతకు ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు: ప్రాణాపాయము. తనకు గాని ఇతరులకు గాని హాని కలుగునని తోచినప్పుడు కౌన్సెలరు ఇతరులకు తెలుపవలసియుండును. ఈ సంగతిని మొదటినాడే, మొదటి మాటగా, విద్యార్థికి స్పష్టముగా చెప్పవలెను. రాత్రి రెండు గంటలకు ఎవరును దొరకనప్పుడు, ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడవచ్చును. ఆ ఐదంకెలను దయచేసి ఇప్పుడే వ్రాసికొనుడు. మీకు అక్కరలేకున్నను, మీ రూమ్మేటునకు కావలసిరావచ్చును.

శిక్షకునకు మాత్రము కౌన్సెలరునుండి ఏమియు అందరాదా? అందవచ్చును, విద్యార్థి చెప్పుమన్నది, చెప్పుమన్నంతవరకు. ఆ కబడ్డీ విద్యార్థిని నేను "మీ పీ.డీ.గారికి ఏమైనా చెప్పమంటావా?" అని అడిగియుండినచో, బహుశః అతడే పోయి చెప్పియుండును. అతని నోటుపుస్తకము నా బీరువాలో నేటికిని ఉన్నది. తుదిపుటలో "పాదాలు" అని మూడుసార్లు వ్రాసి, క్రింద తేదీ వేసియున్నాడు. అది జాబితా వచ్చుటకు ముందునాటి రాత్రి.

వెనుక వరుసలలో ట్రాక్‌సూట్లతో కూర్చున్న పిల్లలు గడియారమువైపు చూచుచున్నారు. ప్రాక్టీసునకు వేళయైనది, వారిని నేను ఇంక నిలుపరాదు. ప్రాక్టీసు ముగిసిన పిదప ఏడున్నరవరకు నేను గ్రంథాలయము వెనుక వేపచెట్టు క్రింది అరుగుమీద కూర్చుందును. ఎవరైనను రావచ్చును, పేరు చెప్పనక్కరలేదు. ఆ సమయమున అటువైపు రానని మీ పీ.డీ.గారు ఈ మధ్యాహ్నము నాకు మాట ఇచ్చినారు.